ఇండియన్ పుడ్డింగ్ అడుగున నీరు ఊరడం సరైనదేనా? థాంక్స్‌గివింగ్ భోజనానికి ఎలా వండాలి, ఎలా వడ్డించాలి?

ప్రశ్న

నమస్కారం. మేము మసాచుసెట్స్‌లోని వూస్టర్ నగరంలో ఉంటున్నాము. మా వీధివారందరూ ఏటా నవంబరులో జరిగే థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు వచ్చే ఆదివారం కలిసి భోజనం చేస్తారు. ప్రతి ఇంటివారూ అమెరికా ఈశాన్య భాగమైన న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు పాత వంటకం ఒకటి చేసి తీసుకురావాలన్నది అక్కడి ఏర్పాటు. ఈసారి మేము ఇండియన్ పుడ్డింగ్ చేస్తామని మాట ఇచ్చాము. మొక్కజొన్న రవ్వను పాలలో ఉడికించి, మొలాసిస్ (చెరకు రసం నుంచి చక్కెర తీయగా మిగిలే నల్లని చిక్కటి పాకం), శొంఠిపొడి కలిపి, ఓవెన్‌లో తక్కువ వేడి మీద గంటల తరబడి ఉంచి చేసే ఈ వంటకాన్ని చిన్ననాటి నుంచి తింటూ వచ్చిన పెద్దవారు కొందరు ఆ భోజనానికి వస్తారు. అందువల్ల ఏదో ఒక తీపి పదార్థం పెట్టామని అనిపించుకోవడం కాక, వారికి తెలిసిన రుచికి వీలైనంత దగ్గరగా చేయాలని నా కోరిక.

అన్నింటికన్నా ముఖ్యమైన సందేహం నీటి గురించి. నిరుడు ఎదురింటి పెద్దావిడ పెట్టిన పుడ్డింగ్‌లో గరిటె దించగానే పక్కనుంచి పల్చని గోధుమరంగు నీరు ఊరింది. ఆవిడ దాన్ని లోపంగా భావించకపోగా, ఆ నీటిని కూడా తీసి ప్రతి గిన్నెలోనూ కొంచెం కొంచెంగా పోశారు. ఈమధ్య వీడియోలలో చూపుతున్న పుడ్డింగ్ మాత్రం గట్టిగా, చాకుతో కోస్తే ముక్క వచ్చేలా ఉంటోంది. వీటిలో దేనిని అనుసరించాలి?

దుకాణంలో మొక్కజొన్న రవ్వ సన్నది, మధ్యరకం, బరక అని మూడు విధాలుగానూ, మొలాసిస్ లేతది, ముదురుది, బ్లాక్‌స్ట్రాప్ అని మరో మూడు విధాలుగానూ దొరుకుతున్నాయి. వీటిలో ఏవి తీసుకోవాలో చెప్పగలరు. వచ్చేవారిలో కొందరు గుడ్డు తినరు కనుక గుడ్డు లేకుండా కుదురుతుందా అన్నది కూడా తెలియాలి. భోజనానికి ముందు పిల్లలకు ప్రతి వంటకం గురించి రెండు మాటలు చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఈ పుడ్డింగ్ వెనుక ఉన్న చరిత్రను వారికి ఏమని చెప్పాలో తెలిసినవారు వివరిస్తే కృతజ్ఞురాలిని.

మొదటి సమాధానం

మీ ఎదురింటి పెద్దావిడ చేసిన పద్ధతినే అనుసరించండి. బోస్టన్ వంట పాఠశాల పేరు మీద 1896లో వెలువడిన ఫానీ ఫార్మర్ వంటల పుస్తకంలో ఈ పుడ్డింగ్‌ను గురించి, వేడి ఎక్కువ పెట్టి త్వరగా కాలిస్తే నీరు విడవదు అని ఒక హెచ్చరిక ఉంది. అంటే నీరు విడవకపోవడాన్నే ఆనాటివారు లోపంగా చూశారన్నమాట. ఆ పుస్తకంలోని పాళ్లు కూడా గమనించదగినవి. ఐదు కప్పుల పాలకు కప్పులో మూడో వంతు రవ్వ మాత్రమే వేసి, అర కప్పు మొలాసిస్ పోయమన్నారు. గుడ్డు ప్రసక్తి లేదు, వెన్న కూడా లేదు. ఇంత తక్కువ రవ్వతో అన్ని పాలు చిక్కబడాలంటే ఓవెన్‌లో ఎక్కువ సమయం గడవవలసిందే.

నీరు ఎందుకు విడుస్తుందో తెలిస్తే దానిని అదుపులో పెట్టుకోవడం తేలిక. మొలాసిస్‌కు కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది. అది కలిసిన పాలను ఎక్కువసేపు వేడిలో ఉంచినప్పుడు పాలలోని మాంసకృత్తులు మెల్లగా గడ్డకట్టి, విరుగుడు నీటిని వదులుతాయి. ఆ నీటిలో చాలా భాగాన్ని ఉడికిన రవ్వ పీల్చుకుంటుంది. మిగిలినది తియ్యగా, శొంఠి వాసనతో అడుగున చేరుతుంది. రవ్వ ముందుగా సరిగా ఉడకకపోతే పీల్చుకునే శక్తి తగ్గి, గిన్నె నిండా నీరే మిగులుతుంది. రవ్వ మరీ ఎక్కువైతే నీరు అసలు ఊరక, పుడ్డింగ్ బిగుసుకుపోతుంది. కనుక మీరు శ్రద్ధ పెట్టవలసినది పొయ్యి మీద జరిగే మొదటి ఇరవై నిమిషాల పని మీద.

ఆరు నుంచి ఎనిమిది మందికి నేను వాడే పాళ్లు చెబుతాను. చిక్కటి పాలు ఐదు కప్పులు, మొక్కజొన్న రవ్వ అర కప్పు, ముదురు మొలాసిస్ అర కప్పు, వెన్న మూడు టేబుల్ స్పూన్లు, శొంఠిపొడి ఒక టీస్పూన్, దాల్చినచెక్క పొడి అర టీస్పూన్, ఉప్పు ముప్పావు టీస్పూన్, పైన కొద్దిగా జాజికాయ గీరు. వెన్న తీసిన పాలతో ఈ వంటకం చేయకండి, పల్చగా వచ్చి రుచి దిగిపోతుంది. రవ్వ విషయంలో సన్నదానికి, మధ్యరకానికి నడుమ ఉండే రాతి మిల్లు రవ్వ దొరికితే అదే మేలు, ఎందుకంటే అందులో మొక్కజొన్న గింజ మొలక భాగం కూడా ఉండి వాసన నిలుస్తుంది. రోడ్ ఐలండ్‌లోని అస్క్వెపాగ్ గ్రామంలో ఉన్న కెన్యన్స్ మిల్లు వంటి పాత మిల్లులు ఇప్పటికీ రాతి తిరగళ్లతోనే మొక్కజొన్న విసురుతున్నాయి. పులుసు చిక్కబరచడానికి వాడే తెల్లని కార్న్ ఫ్లోర్‌ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి. అది కేవలం గంజి పదార్థం, దానితో చేస్తే అతుక్కుపోయే జిగురు ముద్ద వస్తుంది. బ్లాక్‌స్ట్రాప్ మొలాసిస్ చేదు మిగతా రుచులన్నింటినీ కప్పేస్తుంది కనుక దానిని పక్కన పెట్టండి. గంధకం కలపనిదని సీసా మీద రాసి ఉన్న మొలాసిస్ తీసుకోవడం మంచిది.

పాలలో ఒక కప్పు చివరికోసం చల్లగా విడిగా ఉంచండి. మరో కప్పు చల్లని పాలలో రవ్వను ఉండలు లేకుండా కలుపుకోండి. మిగిలిన మూడు కప్పులను అడుగు మందంగా ఉన్న గిన్నెలో, అంచుల వెంట చిన్న బుడగలు వచ్చేవరకు కాచి, రవ్వ కలిపిన పాలను సన్నని ధారగా పోస్తూ తిప్పండి. మంట తగ్గించి, పావుగంట నుంచి ఇరవై నిమిషాల పాటు అడుగంటకుండా తిప్పుతూ ఉడికించాలి. మొదట రవ్వ అడుగుకు దిగి పాలు పైన తేలుతూ వేరువేరుగా కనిపిస్తాయి. తరువాత గరిటెకు తగిలే బరువు మారుతుంది, మిశ్రమం జారుడు జావలా ఒక్కటవుతుంది, వేలితో నలిపి చూస్తే రవ్వలోని గరుకుదనం తగ్గి ఉంటుంది. అప్పుడు పొయ్యి మీద నుంచి దించి, వెన్న, మొలాసిస్, ఉప్పు, పొడులు కలపండి. మొలాసిస్‌ను మరుగుతున్న పాలలో పోయకుండా దించాక పోయడమే మంచిది.

లోపల వెన్న రాసిన, రెండు లీటర్లు పట్టే లోతైన పింగాణీ లేదా మట్టి బేకింగ్ గిన్నెలో దీనిని పోసి, 300 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో పెట్టండి. సుమారు గంట గడిచాక ఒకసారి కలిపి, విడిగా ఉంచిన చల్లని పాలను మెల్లగా పైన పోయండి. ఆ తరువాత కలపకూడదు. ఇది పాతకాలపు మెళకువ. ఆ పాలు కొంత లోపలికి దిగి మెత్తదనాన్ని ఇస్తాయి, కొంత పైననే ఉండి ముదురు గోధుమరంగు పొరగా మారతాయి. మరో రెండు గంటల తరువాత అంచులు గట్టిపడి గిన్నె గోడ నుంచి కొద్దిగా విడివడి, నడిమి భాగం మాత్రం గిన్నెను కదిపితే ఇంకా వణుకుతూ ఉంటుంది. ఆ స్థితిలోనే బయటకు తీయాలి. నడిమి భాగం కూడా కదలకుండా నిలిచేవరకు ఉంచితే, చల్లారేసరికి గట్టిపడుతుంది. తీసిన తరువాత కనీసం అరగంట కదపకుండా ఉంచండి. ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే వేడిని 25 డిగ్రీలు తగ్గించుకోండి.

రెండవ సమాధానం

వంట గురించి పై సమాధానంలో వివరంగా ఉంది కనుక నేను చరిత్ర గురించే రాస్తాను. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ వంటకంలోని మూడు ముఖ్యమైన పదార్థాలు ముగ్గురి చేతుల మీదుగా వచ్చాయని చెబితే వారికి స్పష్టంగా అర్థమవుతుంది.

మొక్కజొన్న ఇక్కడి మూలవాసులది. ఇంగ్లండ్ నుంచి వచ్చినవారు 1620 నవంబరులో కేప్ కాడ్ మీద దిగినప్పుడు, నేటి ట్రూరో పట్టణ ప్రాంతంలో నాసెట్ ప్రజలు శీతాకాలం కోసం ఇసుకలో పాతి దాచుకున్న మొక్కజొన్న బుట్టలను తవ్వి తీసుకుపోయారు. ఆ చోటును ఇప్పటికీ కార్న్ హిల్ అంటారు. మరుసటి ఏడాది వసంతంలో పటుక్సెట్ గ్రామానికి చెందిన మూలవాసి టిస్క్వాంటమ్ మొక్కజొన్న నాటే విధానాన్ని, నేలలో చేపలను ఎరువుగా వేయడాన్ని వారికి నేర్పాడు. ఈ ప్రాంతపు మూలవాసులైన వాంపనోగ్ ప్రజలు మొక్కజొన్నను దంచి వండుకునే నసాంప్ అనే జావ ఈ పుడ్డింగ్ కన్నా ఎంతో ముందునుంచి ఉన్నది. వలస వచ్చినవారికి తమ దేశంలో గోధుమ పిండిని గాని ఓట్ పిండిని గాని పాలలో, నీటిలో ఉడికించి చేసుకునే హేస్టీ పుడ్డింగ్ తెలుసు. ఇక్కడ గోధుమ ఆశించినట్లు పండనందువల్ల, అదే పద్ధతిని మొక్కజొన్నతో కొనసాగించారు. మొక్కజొన్న పిండిని వారు ఇండియన్ పిండి అని పిలిచేవారు కనుక పుడ్డింగ్‌కు ఆ పేరు వచ్చింది. మన దేశంతో దీనికి సంబంధం లేదని మన పిల్లలకు ముందే చెప్పడం అవసరం.

పాలు, వెన్న, ఓవెన్‌లో కాల్చే అలవాటు ఇంగ్లండ్ వారివి. ఆవులు న్యూ ఇంగ్లండ్‌కు వారితోనే వచ్చాయి.

మూడవదైన మొలాసిస్ గురించి చాలామంది ఒక్క మాటతో సరిపెడతారు. అది న్యాయం కాదని నా అభిప్రాయం. న్యూ ఇంగ్లండ్ ఓడలు ఎండు చేపలను, కలపను వెస్ట్ ఇండీస్ దీవులకు తీసుకువెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు మొలాసిస్ పీపాలతో బోస్టన్ రేవుకు చేరేవి. ఆ మొలాసిస్ తయారైన చెరకు తోటలలో పనిచేసినది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు. ఇక్కడి నుంచి పంపిన చేపలలో నాసిరకాన్ని కొన్నది కూడా వారికి తిండిగా పడేయడానికే. వచ్చిన మొలాసిస్‌లో ఎక్కువ భాగం రమ్ బట్టీలకు పోగా, మిగిలినది తెల్ల చక్కెర కొనలేని సామాన్య కుటుంబాల వంటిళ్లకు చేరింది. బ్రిటిష్ ప్రభుత్వం 1733లో విదేశీ దీవుల మొలాసిస్ మీద గ్యాలన్‌కు ఆరు పెన్నీల సుంకం విధించింది. 1764లో దానిని మూడు పెన్నీలకు తగ్గించి, వసూలు మాత్రం కట్టుదిట్టం చేసింది. వలస రాజ్యాలలో అసంతృప్తి పెరగడానికి ఉన్న కారణాలలో అది కూడా ఒకటి. ఈ పుడ్డింగ్‌కు ముదురు రంగును, రుచిని ఇచ్చే పదార్థం వెనుక ఇంత బాధ ఉందని ఆ వయసు పిల్లలకు సున్నితంగానైనా చెప్పవచ్చు, చెప్పాలి.

మరొక విషయం. థాంక్స్‌గివింగ్ రోజును న్యూ ఇంగ్లండ్ మూలవాసులలో చాలామంది పండుగగా జరుపుకోరు. 1970 నుంచి అదే రోజున, 1620లో వచ్చిన ఆ ఇంగ్లండ్ వారు స్థిరపడిన ప్లిమత్‌లోని కోల్స్ హిల్ మీద సమావేశమై జాతీయ సంతాప దినంగా పాటిస్తున్నారు. మొక్కజొన్న ఎవరిదో చెప్పే సందర్భంలోనే ఈ మాట కూడా చెబితే, ఆ ప్రజలు గతానికే పరిమితమైనవారు కాదని, ఇప్పటికీ ఇక్కడే జీవిస్తున్నవారని పిల్లలకు తెలుస్తుంది.

మూడవ సమాధానం

మొదటి సమాధానంలో చెప్పిన పద్ధతి మంచిదే. అయితే దానిని చదివినవారు గుడ్డు వేసిన పుడ్డింగ్ ఈనాటి వీడియోల కల్పన అనుకునే ప్రమాదం ఉంది. అమెరికన్ రాసిన తొలి వంటల పుస్తకంగా పేరున్న అమీలియా సిమన్స్ పుస్తకం 1796లో కనెటికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో అచ్చయింది. అందులో ఇండియన్ పుడ్డింగ్‌కు మూడు పద్ధతులు ఇచ్చారు. మొదటిదానిలో మూడు పింట్ల వేడి పాలకు ఏడు చెంచాల రవ్వ, ఏడు గుడ్లు, అర పౌను ఎండు ద్రాక్ష వేసి గంటన్నర కాల్చమన్నారు. రెండవదానిలో రవ్వ ఎక్కువ, గుడ్లు రెండే, కాల్చే సమయం రెండున్నర గంటలు. మూడవదానిలో గుడ్డే లేదు. పాలు, రవ్వ, తీపి కలిపి గట్టి గుడ్డలో మూట కట్టి గాని, లోహపు లేదా మట్టి పాత్రలో పోసి గాని, లోపలికి నీరు చేరకుండా పన్నెండు గంటలు ఉడికించమన్నారు. కాబట్టి గట్టిగా నిలిచే పుడ్డింగ్‌కు, నీరు ఊరే పుడ్డింగ్‌కు కూడా పాత ఆధారం ఉంది. ఇంట్లో పాడి బాగా ఉండి కోళ్లు గుడ్లు పెట్టే కాలంలో ఒక విధంగా, కోళ్లు గుడ్లు తగ్గించే చలికాలంలో మరొక విధంగా వండుకోవడం సహజమే. మీ భోజనానికి గుడ్డు తిననివారు వస్తున్నారు గనుక, ఈసారి మొదటి సమాధానంలోని పద్ధతే తగినదని నేను కూడా అంటాను. ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. పైన వడ్డించే వనిల్లా ఐస్‌క్రీమ్‌లో, ముఖ్యంగా ఫ్రెంచ్ వనిల్లా అని రాసి ఉన్నదానిలో, గుడ్డు పచ్చసొన ఉండవచ్చు. డబ్బా మీద పదార్థాల పట్టిక చదివి కొనండి.

వడ్డన విషయానికి వస్తే, ఈ పుడ్డింగ్ వేడిగా ఉండాలి, దాని మీద వేసేది చల్లగా ఉండాలి. ఐస్‌క్రీమ్ అందరికీ నచ్చుతుంది. అయితే చిక్కని చల్లని క్రీమ్‌ను తీపి కలపకుండా పైన పోయడమే నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే మొలాసిస్‌లోని కొద్దిపాటి చేదు, శొంఠి ఘాటు అప్పుడు విడివిడిగా నాలుకకు తెలుస్తాయి. ఇక్కడి హోటళ్లలో ఈ వంటకం క్రమంగా కనుమరుగవుతోంది. బోస్టన్ ఫాన్యుల్ హాల్ దగ్గర దీనికి పేరుపడిన డర్గిన్ పార్క్ భోజనశాల 2019 జనవరిలో మూతపడింది. అటువంటప్పుడు మీ వీధిలోని ఇళ్లవారు దీనిని వండుకుని తినాలనుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

జరుపుకోవడానికి థాంక్స్‌గివింగ్ ఒక్కటే సందర్భం కాదు. నవంబరు 13ను ఇండియన్ పుడ్డింగ్ దినమని క్యాలెండర్లలో రాస్తున్నారు. దానికన్నా నా మనసుకు దగ్గరైనది డిసెంబరు 22. ప్లిమత్‌లోని ఓల్డ్ కాలనీ క్లబ్ సభ్యులు 1769లో ఆ రోజున తమ పూర్వికుల రాకను స్మరిస్తూ మొదటిసారి విందు చేసుకున్నప్పుడు, వడ్డన పట్టికలో మొట్టమొదట ఉన్నది అడవి బెర్రీ పండ్లు వేసి కాల్చిన పెద్ద ఇండియన్ పుడ్డింగ్. ఆ తరువాతే గుల్లలు, కాడ్ చేప, జింక మాంసం వంటివి వచ్చాయి. పుడ్డింగ్‌ను మాంసం కన్నా ముందు వడ్డించే అలవాటు ఆ రోజుల్లో ఉండేది. మీ పెద్దవారు ఒప్పుకుంటే, పిల్లలకు చిన్న గిన్నెలలో భోజనానికి ముందే కొంచెం వడ్డించి చూడండి. ఓవెన్ నుంచి వచ్చే మొలాసిస్ వాసన ఇల్లంతా నిండి ఉన్నప్పుడు వారిని చివరిదాకా ఆపడం ఎలాగూ కష్టమే.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మొలాసిస్ గురించి, కోల్స్ హిల్ గురించి నేను తప్పక చెబుతాను. మరొక్క సందేహం. ఆదివారం ఉదయం ఓవెన్ ఖాళీగా ఉండదు. శనివారం రాత్రే పుడ్డింగ్ చేసి, మరునాడు వేడి చేస్తే ఆ మెత్తదనం నిలుస్తుందా? స్లో కుక్కర్‌లో చేయడం కుదురుతుందా? వచ్చేవారు ఇరవై మంది దాకా ఉంటారు కనుక పాళ్లు పెంచాలి కూడా.

మొదటి సమాధానం ఇచ్చినవారు

శనివారమే చేయడం మంచిది. న్యూ ఇంగ్లండ్‌లో ఆదివారం పని చేయకూడదన్న నియమం వల్ల, శనివారం నాడు ఇటుక పొయ్యి వేడి చేసి బీన్స్, రొట్టె, పుడ్డింగ్ అన్నీ అందులో పెట్టి, తగ్గుతూ పోయే వేడిలో రాత్రంతా వదిలేసేవారు. ఒక రాత్రి గడిచిన పుడ్డింగ్‌లో శొంఠి, దాల్చినచెక్క బాగా కలిసిపోతాయి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. మరునాడు గట్టిపడి కనిపిస్తుంది, దానికి కంగారు పడనవసరం లేదు. అర కప్పు వేడి పాలు అంచుల వెంట పోసి, అల్యూమినియం ఫాయిల్ కప్పి, 300 డిగ్రీలలో ముప్పై నుంచి నలభై నిమిషాలు ఉంచితే మళ్లీ మెత్తబడుతుంది. పాలు పోసిన తరువాత కలపకండి. స్లో కుక్కర్‌లో పుడ్డింగ్ ఉడుకుతుంది గాని, పైన గోధుమరంగు పొర ఏర్పడదు. మీ పెద్దవారు ముందు వెతికేది ఆ పొరనే.

ఇరవై మందికి మూడు రెట్ల పాళ్లు తీసుకోండి, కాని అంతా ఒకే పెద్ద గిన్నెలో పోయకండి. లోతు పెరిగితే నడిమి భాగం ఉడకక ముందే అంచులు ఎండిపోతాయి. పొయ్యి మీద ఒకే పెద్ద గిన్నెలో వండి, మూడు గిన్నెలలో సమంగా పంచి కాల్చండి. మూడూ ఒకే ఓవెన్‌లో పెడితే సగం సమయం గడిచాక పై అరలోని గిన్నెను కిందికి, కిందిదానిని పైకి మార్చండి, అరగంట ఎక్కువ పట్టవచ్చు. చల్లని పాలు కూడా ఒక్కొక్క గిన్నెకు ఒక్కొక్క కప్పు చొప్పున విడివిడిగా పోయడం మరవకండి. అడుగున ఊరిన నీటిని పారబోయకుండా, మీ ఎదురింటి పెద్దావిడ చేసినట్లే ప్రతి గిన్నెలోనూ ఒక చెంచా పోసి, దాని మీద క్రీమ్ వేసి ఇవ్వండి.